కాళ్లు పోయినను పరుగు మానలేదు

వాక్యపఠనము: హెబ్రీయులకు 12:1-13



హెబ్రీయులకు వ్రాయబడిన పత్రికలో విశ్వాసి జీవితము ఒక పరుగుపందెముతో పోల్చబడియున్నది. ఆ వచనములను మనము పలుమారులు చదివితిమి, ప్రసంగములలో వింటిమి. అయితే అందులోని ఒక చిన్న సంగతిని తరచుగా దాటిపోవుదుము. ఆ పందెము మనము ఎన్నుకొన్నది కాదు. మన యెదుట ఉంచబడినది. దారి ఎటు పోవునో, ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో మనకు ముందుగా తెలియదు. మన వంతు ఓపికతో పరుగెత్తుటయే. ఈ సంగతి మనకు బాగుగా బోధపడుటకు ఒక గొప్ప పరుగు వీరుని జీవితము సహాయము చేయును. ఆయన పేరు అబెబే బికిలా. ఆ దేశపు వాడుక చొప్పున మొదటి పేరే ఆయన సొంత పేరు.

అబెబే 1932వ సంవత్సరము ఆగష్టు 7వ తేదీన ఆఫ్రికా ఖండములోని ఇథియోపియా దేశములో జాటో అను చిన్న పల్లెలో పుట్టెను. చిన్నతనములో ఆయన కొండలమీద మందలు కాచెను. ఆ దేశములో క్రైస్తవ సంఘము నాల్గవ శతాబ్దమునుండి నిలిచియున్నది. అక్కడ క్రిస్మసు దినములలో పల్లెల బాలురు కఱ్ఱలతో బంతిని కొట్టుచు గెన్నా అను ఆట ఆడుదురు. ఆ ఆటలో రెండు పక్షముల గమ్యములు ఒక్కొక్కప్పుడు కొన్ని కిలోమీటర్ల ఎడముగా ఉండును. మందల వెంట తిరుగుచు, ఈ ఆట ఆడుచు అబెబే పెరిగెను. అది మిక్కిలి ఎత్తయిన దేశము. రాజధానియైన అడిస్ అబాబా పట్టణమే సముద్రమట్టమునకు 2,300 మీటర్ల ఎత్తున ఉన్నది. అంత ఎత్తున గాలి పలుచన. అట్టి గాలిలో పెరిగినవారి రక్తము ప్రాణవాయువును ఎక్కువగా మోయుటకు అలవాటుపడును. బాలుడు ఎరుగకయే, ఎవరును చూడకయే, రాబోవు పరుగునకు దేహము సిద్ధపరచబడుచుండెను. దావీదు మందలు కాయుచుండగా వడిసెల త్రిప్పుట నేర్చుకొనిన సంగతి మనకు జ్ఞాపకము వచ్చుచున్నది గదా.

ఆయన పసివాడుగా ఉన్నప్పుడే, 1935లో, ఇటలీ సైన్యములు ఇథియోపియాపై దండెత్తెను. మరుసటి సంవత్సరము రాజధాని వారి వశమాయెను. 1937లో వారు అక్సుము పట్టణములోని ప్రాచీనమైన గొప్ప రాతిస్తంభమొకటి ఊడదీసి రోము నగరమునకు కొనిపోయి అక్కడ నిలిపిరి. 1941లో ఇథియోపియాకు మరల స్వాతంత్ర్యము కలిగెను. అబెబే పెద్దవాడై 1950వ దశకములో చక్రవర్తి అంగరక్షక సైన్యములో సిపాయిగా చేరెను. అక్కడ ఓన్నీ నిస్కానెన్ అను స్వీడను దేశపు శిక్షకుడు ఆయనలోని శక్తిని కనిపెట్టెను. అంతకుముందే అబెబే సులుల్టా కొండలనుండి రాజధానివరకు ప్రతిదినము పరుగెత్తుచుండెడివాడు. చప్పట్లు కొట్టువారు లేరు, బహుమానము లేదు. ఏండ్ల తరబడి ఇట్లు జరిగెను.

మారథాను అనబడు పందెము 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరము. చురుకుగా నడుచువానికి సహితము ఎనిమిది గంటలకు పైగా పట్టును. 1960వ సంవత్సరము సెప్టెంబరు 10వ తేదీ సాయంకాలము రోము నగరములో జరిగిన ఒలింపిక్ క్రీడలలో 69 మంది ఈ పందెమునకు నిలిచిరి. వారిలో అబెబే ఒకడు. బయటి దేశములలో ఆయనను ఎరిగినవారు లేరు. పైగా ఆయన కాళ్లకు బూటులు లేవు. దొరికిన బూటులు పాదములకు సరిగా కుదరక ఒరుసుకొనుచుండెను. ఉత్త కాళ్లతో పరుగెత్తుట ఆయనకు క్రొత్త కాదు. కనుక వాటిని విడిచిపెట్టి నిలిచెను.

ఇక్కడ ఒక మాట ఆలోచించవలెను. బూటు చెడ్డది కాదు. అయినను ఒరుసుకొను బూటు పరుగువానికి భారము. మన వాక్యభాగములో విడువవలసినవి రెండు చెప్పబడినవి: ఒకటి పాపము, రెండవది ప్రతి భారము. పాపమును విడువవలెనని మనమెరుగుదుము. పాపము కాకపోయినను మన ఆత్మీయ పరుగును కుంటుపరచునవి కొన్ని ఉన్నవి. ఊరిలో పెద్దరికము, శక్తికి మించిన పెండ్లి ఖర్చు, దాయాదులతో పంతము: ఇట్టివి ఎన్నో మన పాదములను ఒరియుచున్నవి. వాటిని తొడిగికొనియే పరుగెత్తుదుమని పట్టుబట్టువారు సగము దారిలోనే చతికిలబడుదురు.

ఆ రాత్రి మరియొక వింత జరిగెను. మొరాకో దేశస్థుడైన రాదీ బెన్ అబ్దెసలాం ప్రధాన పోటీదారుడనియు, అతడు 26వ సంఖ్య ధరించుననియు అబెబే ఎరిగియుండెను. పందెములో ఆయన ఆ సంఖ్యకొరకు కనిపెట్టుచుండెను. అయితే రాదీ 185వ సంఖ్య ధరించి వచ్చెను. చాలదూరము ఇద్దరును ప్రక్కప్రక్కనే పరుగెత్తిరి. తన ప్రక్కనున్నవాడే అతడని ఎరుగక, అతడు ముందున్నాడేమో అనుకొని అబెబే తన పరుగు సాగించుచునే ఉండెను. ప్రక్కవాడెవడైనను తన పాదములు తన దారిలో సాగవలసినవే గదా. పేతురు యోహానును గూర్చి అడిగినప్పుడు ప్రభువు అతనికి ఈ పాఠమే నేర్పెను; యోహాను సువార్త 21వ అధ్యాయము చివర చదువుడి.

చీకటి పడెను. దారి పొడుగున సిపాయిలు దివిటీలు పట్టుకొని నిలిచిరి. తిరుగు దారి అప్పీయా మార్గము అను ప్రాచీన రాతిబాటమీదుగా ఉండెను. అపొస్తలుడైన పౌలు ఖైదీగా రోమునకు నడచివచ్చినది ఆ మార్గముననే. అప్పీయా సంతపేటయొద్ద సహోదరులు ఎదురువచ్చినప్పుడు ఆయన దేవునికి కృతజ్ఞతలు చెల్లించి ధైర్యము తెచ్చుకొనెనని అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో ఉన్నది. పరుగుపందెమును గూర్చి తన పత్రికలలో పలుమారులు వ్రాసిన అపొస్తలుడు నడచిన ఆ మార్గమందు, పందొమ్మిది వందల ఏండ్ల తరువాత ఒక పేద కాపరి ఉత్త కాళ్లతో పరుగెత్తెను. గమ్యము సమీపించినప్పుడు తన దేశమునుండి కొనిపోబడిన ఆ అక్సుము స్తంభము కనబడెను. అక్కడనుండి అబెబే వేగము పెంచి రాదీని వెనుకకు విడిచి, కాన్‌స్టంటైను చక్రవర్తి విజయ తోరణమునొద్ద మొదటివాడుగా పందెము ముగించెను. పట్టిన కాలము 2 గంటల 15 నిమిషముల 16 సెకండ్లు. అంతవరకు ఏ మనుష్యుడును ఆ దూరమును అంత త్వరగా పరుగెత్తియుండలేదు. తూర్పు ఆఫ్రికాకు ఒలింపిక్ స్వర్ణ పతకము తెచ్చిన మొదటివాడు అబెబే. ఆ స్తంభము సహితము 2005లో స్వదేశమునకు తిరిగి చేరెను.

అయితే ఒక జయము తరువాత నిత్యము జయమే ఉండదు. 1963లో అమెరికా దేశములోని బోస్టను పట్టణపు పందెములో అబెబే ఐదవవాడుగా వచ్చెను. 1964లో జపాను దేశపు టోక్యో ఒలింపిక్స్‌కు ఐదు వారముల ముందు ఆయనకు అపెండిక్సు వాచి తీవ్రమైన కడుపునొప్పి వచ్చెను, శస్త్రచికిత్స చేయవలసివచ్చెను. కడుపు కోసి కుట్టిన మనిషి అంత దూరము పరుగెత్తగలడని ఎవరు తలంతురు? ఆయన మొదట మెల్లగా నడిచెను, తరువాత మెల్లగా పరుగెత్తెను. అక్టోబరు 21వ తేదీన ఆయన ఆ పందెమును 2 గంటల 12 నిమిషముల 11 సెకండ్లలో ముగించెను. రెండవవాడు వచ్చుటకు ఇంకను నాలుగు నిమిషములు పట్టెను. అంతలో అబెబే పచ్చికపై కాళ్లు చాచి వ్యాయామము చేయుచుండగా జనులు చూచి విస్మయమొందిరి. ఒలింపిక్ మారథానును రెండుసార్లు గెలిచిన మొదటి మనుష్యుడు ఆయనే. ఈ పర్యాయము బూటులు తొడిగికొనియే పరుగెత్తెను. బూటులు విడుచుటలో పుణ్యమేమియు లేదు. ఒరియు దానిని విడుచుటలోనే జ్ఞానమున్నది.

తరువాత 1968లో మెక్సికో నగరమున మూడవసారి నిలిచెను. అప్పటికే కాలి ఎముకకు దెబ్బ తగిలియుండెను. సుమారు 17 కిలోమీటర్లు పరుగెత్తి, ఇక సాగలేక ప్రక్కకు తప్పుకొనెను. లోకమంతయు చూచుచుండగా మహావీరుడు మధ్యలో ఆగిపోయెను. అయితే ఆ దినమున పందెము గెలిచినవాడెవరు? ఆయన దేశస్థుడే, ఆయనతోడి సిపాయియే, మామో వోల్డే. మోషే యొర్దాను దాటలేదు, యెహోషువ దాటెను. సంఘములో సహితము ఇట్లే జరుగును. ఒకరు విత్తినది వేరొకరు కోయుదురు. మనము ఆగిపోయినచోట మరియొకరు ముందుకు పోయినప్పుడు అసూయపడక సంతోషించుట పరుగెత్తుటకంటె కష్టమైన పాఠము.

ప్రియులారా, ఇంతవరకు చెప్పినది గెలుపు ఓటముల కథ. ఇట్టి కథలు చాలమందివి ఉన్నవి. అబెబే జీవితములో మనము ముఖ్యముగా చూడవలసినది దీని తరువాతి భాగము.

1969వ సంవత్సరము మార్చి నెలలో ఒక రాత్రి ఆయన నడుపుచున్న చిన్న కారు అదుపు తప్పి బోల్తాపడెను. తెల్లవారువరకు ఆయన అందులోనే చిక్కుకొనియుండెను. వెన్నుపాము దెబ్బతినెను. వైద్యముకొరకు ఆయనను ఇంగ్లండు దేశమునకు విమానముమీద కొనిపోయిరి. ఎనిమిది నెలలు ఆసుపత్రిలో ఉండెను. చేతులకు శక్తి తిరిగివచ్చెను గాని నడుము క్రింది భాగము మరల కదలలేదు. రెండుసార్లు లోకమును జయించిన ఆ కాళ్లు ఇక ఒక అడుగైనను వేయలేకపోయెను. అప్పటికి ఆయన వయస్సు 36 సంవత్సరములు.

పరుగు పరుగువారిదే కాదని ప్రసంగి గ్రంథము 9వ అధ్యాయములో జ్ఞాని చెప్పిన సత్యము ఇదియే. కాలవశమున అందరికిని కలుగునది ఆయనకును కలిగెను. ఇక్కడనే మనలో అనేకుల ప్రశ్న లేచును. నా బలమే నాకు ఆధారమైయుండగా దేవుడు దానినే తీసివేయనిచ్చిన, ఇక నేను దేనికి? ఈ ప్రశ్నకు సులభమైన జవాబు చెప్పువారిని నమ్మకుడి. యోబు స్నేహితులు అట్టి జవాబులు చెప్పి దేవునిచేత గద్దింపబడిరి.

అబెబే చేరిన ఆసుపత్రి స్టోక్ మాండెవిల్ అనునది. హిట్లరు హింసనుండి తప్పించుకొని ఇంగ్లండుకు వచ్చిన యూదుడైన వైద్యుడు లుడ్విగ్ గుట్‌మాన్ అక్కడ 1944లో వెన్నుపాము దెబ్బతిన్నవారికొరకు ప్రత్యేక వైద్యశాల ప్రారంభించెను. అంతకుముందు అట్టి రోగులను మంచముమీద పడవేసి మరణముకొరకు కనిపెట్టుటయే ఎక్కువగా జరుగుచుండెను. గుట్‌మాన్ అందుకు ఒప్పుకొనలేదు. ఒకే ప్రక్క పడియుండిన పుండ్లు పడునని రేయింబగళ్లు రోగులను ప్రక్కలు మార్పించెను. వారికి పని నేర్పించెను, ఆటలు నేర్పించెను. 1948లో చక్రాల కుర్చీలలోని 16 మందితో విలువిద్య పోటీ పెట్టించెను. అది పెరిగి పెరిగి 1960లో రోము నగరములోనే, ఒలింపిక్ క్రీడలు ముగిసిన కొద్ది దినములకు, సెప్టెంబరు 18వ తేదీన అనేక దేశముల వికలాంగుల క్రీడలుగా ప్రారంభమాయెను. నేడు లోకమంతట పారాలింపిక్స్ అని పిలువబడు క్రీడలకు అదే మొదలు.

ఈ తేదీలను జాగ్రత్తగా చూడుడి. అబెబే రోము వీధులలో ఉత్త కాళ్లతో గెలిచినది సెప్టెంబరు 10. అదే పట్టణములో చక్రాల కుర్చీలవారు పోటీలకు దిగినది ఎనిమిది దినముల తరువాత. తొమ్మిదేండ్ల పిమ్మట తాను పరుగెత్తవలసిన రెండవ బాట అప్పుడే అక్కడ వేయబడుచున్నదని ఆయన ఎరుగడు. మన యెదుట ఉంచబడిన పందెము మనము చూడకమునుపే ఉంచబడినదని దీనివలన నేర్చుకొందము.

ఆయన ఆ రెండవ బాటలో పరుగు మొదలుపెట్టెను. 1970లో స్టోక్ మాండెవిల్ క్రీడలలో విల్లు పట్టెను, టేబుల్ టెన్నిస్ ఆడెను. గెలుపునకు అలవాటుపడిన మనుష్యుడు మరల మొదటి మెట్టున నిలిచి నేర్చుకొనుట చిన్న సంగతి కాదు. 1971 ఏప్రిల్ నెలలో నార్వే దేశమున జరిగిన వికలాంగుల క్రీడలకు ఆయనను అతిథిగా పిలిచిరి. ఆయన అతిథిగా కూర్చుండక పోటీలలో దిగెను. మంచుమీద కుక్కలు లాగు బండి పందెములో 16 మందిని మించి గెలిచెను. మంచు ఎరుగని దేశమున పెరిగిన కాపరి, కాళ్లు కదలని స్థితిలో మంచుమీద గెలిచెను.

1972లో జర్మనీ దేశపు మ్యూనిచ్ ఒలింపిక్ క్రీడలకు ఆయనను గౌరవ అతిథిగా పిలిచిరి. చక్రాల కుర్చీలోనున్న ఆయనను చూచి జనులు లేచి నిలువబడి చప్పట్లు కొట్టిరి. ఆ సంవత్సరము మారథాను గెలిచిన అమెరికా దేశస్థుడు ఫ్రాంక్ షార్టర్ పతకము పొందిన తరువాత ఆయనయొద్దకు వచ్చి కరచాలనము చేసెను. మరుసటి సంవత్సరము, 1973 అక్టోబరు 25వ తేదీన, పూర్వపు ప్రమాదమువలన కలిగిన చిక్కులచేత మెదడులో రక్తస్రావమై అబెబే మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 41 సంవత్సరములు. అడిస్ అబాబాలో జరిగిన సమాధి కార్యక్రమమునకు చక్రవర్తియు వేలాది జనులును వచ్చిరి.

ఒక మనుష్యుని మనము పూజింపనక్కరలేదు. ఆయన అంతరంగమును ఎరిగినవాడు దేవుడొక్కడే. అపొస్తలుడైన పౌలు తన కాలపు పరుగు వీరులను చూపి కొరింథు సంఘమునకు బోధించినట్లే, మనమును ఈయనను చూచి నేర్చుకొనుచున్నాము. వాడిపోవు కిరీటముకొరకు వారంత సహించినయెడల, వాడబారని కిరీటముకొరకు మనమెంత సహించవలెను!

ఓర్పు అనగా ఎల్లప్పుడు గెలుచుట కాదు, ఎల్లప్పుడు ఒకే దారిని పోవుటయు కాదు. పోయిన బలముకొరకు జీవితమంతయు ఏడ్చుచు కూర్చుండక, మిగిలిన బలముతో నేటి దారిలో సాగుటయే ఓర్పు. కాళ్లు పోయినప్పుడు చేతులు మిగిలెను. చేతులును పోయినప్పుడు విశ్వాసికి ప్రార్థన మిగులును. బాహ్యపురుషుడు కృశించుచున్నను ఆంతర్యపురుషుడు దినదినము నూతనపరచబడునని పౌలు వ్రాసినది ఇందుకొరకే.

ఇంకొక సంగతి సంఘములకు చెప్పవలసియున్నది. మన పల్లెలలో తాటిచెట్టుమీదనుండి పడినవారు, ట్రాక్టరు క్రింద నలిగినవారు, పక్షవాతము తగిలి మంచము పట్టినవారు లేరా? వారి పందెము అయిపోయినదని మనము తీర్మానించుకొని, పండుగనాడు మాత్రము చూచివచ్చుచున్నామా? మన వాక్యభాగములో సడలిన చేతులను, బలహీనమైన మోకాళ్లను బలపరచుమనియు, కుంటివాడు తొలగిపోకుండ బాటలు సరాళము చేయుమనియు ఆజ్ఞ ఉన్నది. అది పరుగెత్తువానికి మాత్రమే కాదు, ప్రక్కనున్నవారికిని చెప్పబడినది. కపెర్నహూములో పక్షవాయువుగలవానిని నలుగురు మోసికొనివచ్చిరి. దారి లేనప్పుడు ఇంటి కప్పు విప్పిరి. మనము ఏమి విప్పుచున్నాము? మందిరపు మెట్ల ప్రక్కన చక్రాల కుర్చీ ఎక్కుటకు వాలుగా ఒక చిన్న బాట కట్టుట గొప్ప ఖర్చు కాదు. మంచములోనున్న సహోదరుని ప్రక్కకు త్రిప్పుటకు, స్నానము చేయించుటకు యౌవనస్థులు వంతులు వేసికొనవచ్చును. మంచముమీదనున్నవారికి సంఘమంతటికొరకు ప్రార్థించు సేవ అప్పగింపవచ్చును. వారిని చూడబోయినప్పుడు అయ్యో పాపమనుట చాలించి, వారు చేయగలిగిన పని యేదో అడుగుదము. వారింకను పందెములోనే ఉన్నారు.

మన ప్రభువైన యేసు సహితము తన యెదుట ఉంచబడిన దానిని సగములో విడువలేదు. గెత్సేమనేలో ఆ గిన్నె తొలగింపుమని వేడుకొనినను, తండ్రి చిత్తమైన సిలువ దారినే నడచెను. ఆయన మేకులు కొట్టబడిన పాదములతో మన పరుగును ముందుగా ముగించెను. ఆయన వైపు చూచుచు పరుగెత్తుదము.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, మా యెదుట నీవు ఉంచిన దారిని మేము ఎరుగము. మా కాళ్లలో బలమున్న దినములలో గర్వము లేకుండ, బలము పోయిన దినములలో నిరాశ లేకుండ మమ్మును నడిపించుము. మాలో మంచము పట్టియున్న వారిని జ్ఞాపకము చేసికొని, వారికి తోడుగా నడుచు పాదములను, మోయు చేతులను మాకు దయచేయుము. మాకు ముందుగా పరుగెత్తిన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.